ఒంట్లోని లాకులు

మా దుగ్గిరాలలో మాఘమాసం వచ్చిందంటే గాలికి కూడా పసుపు పూసినట్లుంటుంది. ఊరి బయట పసుపు ఉడికే ఆవిరి, కళ్ళాలలో ఎండే కొమ్ముల ఘాటు, మార్కెట్టు యార్డు ముందు బారులు తీరిన లారీలు, బస్తాలు మోసే ముఠావాళ్ళ కేకలు. తవ్వకం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, మెరుగు పెట్టడం, బస్తాలకెత్తడం ఒకదాని వెనుక ఒకటి తరుముకొస్తాయి. ఆ రెండు నెలలూ రైతుకు కంటినిండా నిద్ర ఉండదు, వేళకు అన్నం ఉండదు. ఇది మాకు కొత్త కాదు. కాని ఈ ఏడు ఆ హడావుడిలో మా మేనల్లుడి పెళ్ళి తప్పిపోయినంత పనయింది. కారణం ఒక్క కాగితం ముక్క. ఆ కాగితం మీద ఒక్క అంకె.

వాడికి 27 ఏళ్ళు. బస్తా భుజాన పెట్టుకుంటే తూలని మనిషి. చదువుకుని కూడా పొలం మీద ప్రేమతో ఊళ్ళోనే ఉండిపోయాడు. వైశాఖంలో ముహూర్తం పెట్టుకున్నాం. అంతవరకు బాగానే ఉంది. నిశ్చితార్థం ఫొటోలలో తన పొట్ట తనకే నచ్చలేదట! సెల్లుఫోనులో ఎవరో చెప్పింది విని, రోజుకు ఒక్కపూట, అదీ అరకడుపుకు తినడం మొదలుపెట్టాడు. పగలంతా పసుపు ఉడికే పొయ్యి దగ్గర, రాత్రంతా కళ్ళం కాపలా. మధ్యలో కునుకు పట్టినంతసేపే నిద్ర. మూడు వారాలలో 7 కిలోలు తగ్గాడు.

పొట్ట తగ్గిన మాట నిజమే. దానితోపాటు ఇంకేదో కూడా తగ్గినట్లు వాడికి అనుమానం వచ్చింది. తెల్లవారుజామున అందరికీ హాయిగా ఉంటే వాడికి చలి. ఊరికే చిరాకు. మెట్లెక్కితే నీరసం. వీటన్నిటికీ మించి, మగవాడు పైకి చెప్పుకోలేని ఒక నిరాసక్తత. కాబోయే భార్య ఫోను చేసినా మాట్లాడబుద్ధి కాలేదట. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఒక పట్నంలో బోర్డు చూసి, ఒక సాయంత్రం లోపలికి వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాడు. కాగితం వచ్చింది. టెస్టోస్టిరోన్ అన్నచోట 212 అని ఉంది. కనీసం 300 దాకా ఉండాలట. దాని కింద ఎర్రగీత. “ఇక జన్మంతా సూదులు వేయించుకోవలసిందే. మొదటి ఆరింటికి డబ్బు ముందే కట్టండి” అన్నారట అక్కడివాళ్ళు.

ఆ రాత్రి మా అరుగు మీద కూర్చుని, కాగితం నా చేతిలో పెట్టి, “పెళ్ళి మానుకుంటాను మామయ్యా! తెలిసి తెలిసి ఒక ఆడపిల్ల గొంతు కోయలేను” అన్నాడు.

నేను 30 ఏళ్ళపాటు పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి. వినాళ గ్రంథుల పాఠం ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. అయినా ఆ క్షణాన నాకూ నోట మాట రాలేదు. పాఠం వేరు, మన ఇంటి కుర్రవాడి కన్నీళ్ళు వేరు.

డాక్టరు అడిగిన మూడు ప్రశ్నలు

మర్నాడు వాణ్ణి వెంటబెట్టుకుని తెనాలి వెళ్ళాను. అక్కడ నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు డాక్టరు. ఈ గ్రంథుల జబ్బులే చూస్తాడు. కాగితం చేతికివ్వగానే అతను అంకె చూడలేదు. రక్తం తీసిన వేళ చూశాడు.

“సాయంత్రం ఐదు గంటలు. ముందు రాత్రి ఎంతసేపు పడుకున్నావు బాబూ?”

“మూడు గంటలండి.”

“చివరిసారి భోజనం ఎప్పుడు చేశావు?”

“ముందురోజు మధ్యాహ్నమండి.”

“ఈ నెలలో ఎంత బరువు తగ్గావు?”

“ఏడు కిలోలండి.”

డాక్టరు కాగితం మడిచి బల్ల మీద పెట్టి నా వైపు తిరిగాడు. “మాస్టారూ! ఎనిమిదో తరగతిలో మమ్మల్ని లాకుల దగ్గరకు తీసుకెళ్ళి చూపించారు, జ్ఞాపకముందా? ఇతని ఒంట్లో నీళ్ళు తక్కువై లాకులు దిగాయి. అంతే. కాలువ పూడిపోలేదు” అన్నాడు.

మా ప్రాంతం ఎరగని చదువరుల కోసం ఈ లాకుల సంగతి చెప్పాలి. బెజవాడలో 1957లో పూర్తయిన ప్రకాశం బారేజీ నుంచి బయలుదేరే పెద్ద కాలువ మా దుగ్గిరాల దగ్గర పాయలుగా చీలి డెల్టాలోకి పోతుంది. కృష్ణ నిండుగా వచ్చిన ఏడు ఏ పాయకూ లోటుండదు. నీరు తక్కువైన ఏడు లెక్క మారుతుంది. ముందు తాగునీటి చెరువులు నింపుతారు. ఆ తరువాతే పైర్లకు వంతులు. కొత్తగా నాట్లు వేసుకుంటామన్నవాడికి, “ఇప్పుడు కాదు, ఆగవయ్యా” అని చెబుతారు. ఆ ఏడు ఆయకట్టు చివరి కాలువ ఎండి కనిపించినంత మాత్రాన, ఆ కాలువ పని అయిపోయిందని ఎవడూ అనడు. పైన నీరు లేదంటాడు.

ఆరోగ్యవంతుడైన మగవాడి దేహం కూడా కరువులో సరిగ్గా ఈ లెక్కే వేస్తుంది.

ముందు తాగునీరు, తరువాత నాట్లు

కడుపుకు తిండి చాలకపోయినా, నిద్ర కరువైనా, తిన్నదానికి మించి ఒళ్ళు వంచి పనిచేసినా దేహానికి శక్తి కటకట వస్తుంది. దీనినే జీవక్రియల ఒత్తిడి అంటారు. శక్తి అన్నాను గనుక మన తెలుగువాడిని ఒకరిని ఇక్కడ తలుచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫిస్కేతో కలిసి పనిచేస్తూ, 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉన్నదని కనుగొన్నారు. 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని లోకానికి చూపించారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా దీనిని కనుగొన్నాడు. మన ఒంట్లో ప్రతి కణమూ, కన్ను ఆర్పడం మొదలు బస్తా ఎత్తడం దాకా, ఖర్చుపెట్టే రొక్కం ఈ ఏ.టి.పి.యే. తిండీ ఊపిరీ ఆ రొక్కాన్ని సంపాదించిపెట్టే వ్యాపారం. రాబడి తగ్గి ఖర్చు పెరిగితే సంసారి ఏం చేస్తాడో దేహమూ అదే చేస్తుంది.

మొదట మెదడును కాపాడాలి. మెదడుకు నిల్వ చేసుకునే గాదె లేదు. దానికి ఎప్పటికప్పుడు చక్కెర అందాలి. కాలేయంలో దాచిన చక్కెర సుమారు ఒక రోజుకు సరిపోతుంది. అందుచేత తిండి ఆగగానే, వచ్చిన సరుకును గాదెకెత్తే ఇన్సులిన్ తగ్గుతుంది. గాదె తలుపులు తెరిచే గ్లూకగాన్, అడ్రినలిన్, కార్టిసాల్, పెరుగుదల హార్మోను పెరుగుతాయి. కొవ్వు కరుగుతుంది. కండలోంచి కూడా కొంత తీసి కాలేయం చక్కెర తయారు చేస్తుంది. కొన్నాళ్ళు గడిస్తే కొవ్వు నుంచి పుట్టే కీటోనులనే మెదడు ఇంధనంగా వాడుకుంటుంది.

రెండవది, పొయ్యి సెగ తగ్గించాలి. థైరాయిడ్ హార్మోనులో చురుకైన రూపం తగ్గుతుంది. అందువల్లనే మావాడికి తెల్లవారుజామున చలి!

మూడవది, ఇప్పుడు అవసరం లేని ఖర్చు ఆపాలి. రేపటి తిండికే దిక్కులేనప్పుడు సంతానం మాట ఎందుకు? మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోటు నుంచి విడతలు విడతలుగా ఒక సంకేతం పీయూష గ్రంథికి పోతుంది. పీయూష గ్రంథి నుంచి ఆజ్ఞ వృషణాలకు పోతుంది. అప్పుడు టెస్టోస్టిరోన్ తయారవుతుంది. కరువు కాలంలో ఆ మొదటి సంకేతమే మందగిస్తుంది. వృషణాలలో ఏ లోపమూ లేదు. పైనుంచి హుకుము రావడం తగ్గింది, అంతే.

ఆరోగ్యవంతుల మీదనే పరీక్షలు

ఇది నా మేనల్లుణ్ణి ఊరడించడానికి అల్లిన మాట కాదు. ఏ జబ్బూ లేని మగవాళ్ళ మీద చాలా దేశాలలో చేసి చూసినదే.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే రోజులలో, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులను ఎంచుకున్నాడు. యుద్ధంలో చంపడానికి ఒప్పుకోక, దానికి బదులు ఈ కష్టానికి సిద్ధపడినవాళ్ళు వాళ్ళు. 24 వారాలపాటు వాళ్ళకు అరకొర తిండి పెట్టి, వారానికి 22 మైళ్ళు నడిపించారు. బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. నాడి మందగించింది. ఎప్పుడూ చలి. ఆడవాళ్ళ మీద ధ్యాస పోయి, వంటల పుస్తకాల మీదకు మళ్ళింది! ఆకలి కరువులలో చిక్కినవాళ్ళను ఎలా కోలుకునేట్లు చేయాలో ఆ పరీక్ష లోకానికి నేర్పింది.

అప్పటికి రక్తంలోని హార్మోనును ఇంత సూక్ష్మంగా తూచే త్రాసు లేదు. ఆ త్రాసును రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ అనే ఇద్దరు మొదట ఇన్సులిన్ కోసం తయారుచేశారు. అందుకు 1977లో యాలోకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి బెర్సన్ లేడు. ఆ త్రాసు వచ్చాకనే అసలు లెక్కలు బయటపడ్డాయి.

1997లో ఎల్మన్, బ్రేయర్ అనే అమెరికా పరిశోధకులు ఒక చిత్రమైన పరీక్షను ప్రకటించారు. చక్కెరను పోలిన నకిలీ చక్కెర ఒకటి ఉంది. కణం దానిని నిజమైన చక్కెరే అనుకుని లోపలికి తీసుకుంటుంది, కాని దానినుంచి శక్తి రాదు. సంతలో చెల్లని నోటు పుచ్చుకున్నట్లన్నమాట! ఇది ఎక్కిస్తే రక్తంలో చక్కెర ఉన్నా కణానికి కరువే. ఆరోగ్యవంతులైన మగవాళ్ళకు అది ఇచ్చి చూస్తే, అధివృక్క గ్రంథులను తట్టిలేపే వ్యవస్థ మేలుకున్నది. ప్రొజెస్టిరోన్ పెరిగింది, టెస్టోస్టిరోన్ తగ్గింది. వారాల ఉపవాసం అక్కరలేదు. కణానికి కరువు అనే కబురు అందితే చాలు, కొన్ని గంటలలోనే లాకులు దిగుతాయి.

ఆ కబురు ఎవరు మోస్తారు? మన కొవ్వే మోస్తుంది! కొవ్వు కణాల నుంచి పుట్టే లెప్టిన్ అనే హార్మోనును 1994లో న్యూయార్కులో ఫ్రీడ్‌మన్ బృందం కనుగొన్నది. “గాదెలో గింజలున్నాయి” అని మెదడుకు చెప్పే చాకిరీ దానిది. 2003లో బోస్టను పరిశోధకులు సన్నపాటి ఆరోగ్యవంతులను 72 గంటలు ఉపవాసం ఉంచారు. లెప్టిన్ పడిపోయింది. దాని వెంట పీయూష గ్రంథి ఆజ్ఞలూ, టెస్టోస్టిరోన్ కూడా తగ్గాయి. మరొకసారి అదే ఉపవాసంలో లెప్టిన్‌ను బయటనుంచి ఇచ్చారు. ఆ పతనం ఆగింది. కడుపులో మెతుకు లేకపోయినా, గింజలున్నాయన్న కబురు అందినందుకే లాకులు తెరుచుకున్నాయి.

ఇక నిద్ర సంగతి. 2011లో చికాగోలో 10 మంది యువకులను వారం రోజులు రాత్రికి 5 గంటలే నిద్రపోనిచ్చారు. పగటి టెస్టోస్టిరోన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. నార్వే దేశపు సైనిక విద్యార్థులను కొద్ది రోజులపాటు నిద్ర దాదాపు లేకుండా, అరకొర తిండితో తిప్పినప్పుడు ఇంకా బాగా పడిపోయింది. వీళ్ళెవరూ రోగులు కారు. దేశంలోకెల్లా దృఢమైన కుర్రాళ్ళు. తిండీ నిద్రా దొరికాక మళ్ళీ యథాస్థితికి వచ్చారు.

మావాడు తిండీ, నిద్రా రెండూ మానుకుని, దానిమీద పసుపు పొయ్యి సెగ కూడా తగిలించుకున్నాడు. ఆ పైన సాయంత్రం పూట రక్తమిచ్చాడు. యువకులలో ఈ హార్మోను తెల్లవారి ఉన్నంత సాయంత్రం ఉండదు. అందుకే పెద్ద డాక్టర్లు దీనిని ఉదయం పూట, పరగడుపున, వేర్వేరు రోజులలో కనీసం రెండుసార్లు చూడకుండా ఏ మాటా చెప్పరు.

ఉపవాసం తప్పా?

“అయితే మామయ్యా, కార్తీక సోమవారాలు కూడా మానుకోవాలా?” అని దారిలో అడిగాడు మేనల్లుడు. వాడి ముఖాన అప్పటికి కొంచెం కళ వచ్చింది.

అక్కరలేదు. ఏ జబ్బూ లేనివాడు ఒక రోజు ఉపవాసముండి, మర్నాడు వేళకు తిని, కంటినిండా పడుకుంటే దేహం ఆ లెక్కను ఇట్టే సర్దుకుంటుంది. ఏకాదశి ఉన్నవాళ్ళు, రంజాన్ రోజా పట్టేవాళ్ళు తరతరాలుగా బిడ్డలను కంటూనే ఉన్నారు గదా! మధుమేహానికి మందులు వాడేవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా ఉపవాసానికి దిగరాదు.

ఆంధ్రులకు నిరాహారమంటే ముందు పొట్టి శ్రీరాములుగారు గుర్తుకు వస్తారు. 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలుపెట్టి, 58 రోజులు సాగించి, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. అన్నాళ్ళు ఒక మనిషి ఎలా నిలిచాడని చిన్నప్పుడు మేము ఆశ్చర్యపోయేవాళ్ళం. ఆయన సంకల్పానికి కొలత లేదు. ఆ సంకల్పానికి దేహం తోడు నిలిచింది ఈ పొదుపుతోనే. పొయ్యి సెగ తగ్గించి, అనవసరపు ఖర్చులు ఆపి, ఉన్నదానిని రోజు రోజుకూ పంచుకుంటూ వచ్చింది. కాని పొదుపుకు కూడా ఒక అంతం ఉన్నదని ఆయన మరణమే చెబుతుంది. అంతటి త్యాగం రాష్ట్రం కోసం జరిగింది. ఫొటోలో పొట్ట కనిపించకుండా ఉండడం కోసం మనం ఆ దారి పట్టనక్కరలేదు.

సూది వేస్తే ఏమవుతుంది?

ఇదే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. కరువు ఏట చివరి కాలువలో ట్యాంకరు తెచ్చి నీళ్ళు పోశారనుకోండి. పై అధికారి ఆ నీటిమట్టం చూసి, “అక్కడ నిండుగానే ఉన్నది” అని లాకులు పూర్తిగా దించేస్తాడు. బయటనుంచి ఇచ్చిన టెస్టోస్టిరోన్ చేసే పని అదే. మెదడు రక్తంలో హార్మోను చూసి తన ఆజ్ఞలు ఆపేస్తుంది. వృషణాలు పని మానుకుంటాయి. వీర్యకణాలు తగ్గిపోతాయి, కొందరిలో దాదాపు లేకుండానే పోతాయి. పెళ్ళి చేసుకుని పిల్లలను కనబోయే కుర్రవాడికి ఇది ఎంత విపరీతమైన వైద్యమో ఆలోచించండి. మానిన తరువాత తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చు.

ఆ సూది అసలు పనికిరాదని కాదు. పీయూష గ్రంథిలో గడ్డ ఉన్నవాళ్ళకు, వృషణాలు నిజంగా దెబ్బతిన్నవాళ్ళకు అది వరమే. తలనొప్పి, చూపు మందగించడం, రొమ్ములు వాయడం వంటివి ఉన్నా, తిండీ నిద్రా కుదిరాక కూడా అంకె లేవకపోయినా తప్పక పెద్ద పరీక్షలు చేయించుకోవాలి. స్థూలకాయం, మధుమేహం ఉన్నవాళ్ళలో కూడా ఈ హార్మోను తగ్గుతుంది. అక్కడ నెమ్మదిగా బరువు తగ్గడమే మందు. ఒకే అంకెకు వేర్వేరు కారణాలుంటాయి. ఆ కారణం వెదికేవాడే డాక్టరు. అంకె చూసి సూది తీసేవాడు వ్యాపారి.

ఆరు వారాల తరువాత

తెనాలి డాక్టరు మందు చీటీ రాయలేదు. “మూడు పూటలా భోజనం. పప్పు, గుడ్డు, పెరుగు తప్పనిసరి. రాత్రి కళ్ళం దగ్గర ఇంకెవరినైనా కాపలా పెట్టి ఏడు గంటలు పడుకో. పొట్ట సంగతి పెళ్ళయ్యాక, నెలకు కిలో రెండు కిలోల చొప్పున చూసుకుందాం. ఆరు వారాలయ్యాక పొద్దున్నే ఎనిమిది గంటలకు వచ్చి రక్తమివ్వు” అన్నాడు.

కాపలాకు నేనే వెళ్ళాను. వయసు మీదపడ్డ వాణ్ణి, నాకెలాగూ నిద్ర పట్టదు. ఆకాశం కింద పసుపు రాశుల పక్కన నులక మంచం వేసుకుని పడుకుంటే, వాడు ఇంట్లో ఆదమరిచి నిద్రపోతున్నాడన్న ఆలోచనే నాకు హాయిగా ఉండేది. మూడో వారంలో మా చెల్లెలు వచ్చి, “అన్నయ్యా! వాడు మళ్ళీ గోంగూర పచ్చడి అడిగి వేయించుకుంటున్నాడు” అన్నది. నాలుగో వారంలో వాడు పెరట్లో ఫోను పట్టుకుని గంటసేపు నవ్వుతూ మాట్లాడడం నేనే విన్నాను. ఆ అంకె ఎంతకు వచ్చిందో అప్పుడే నాకు సగం తెలిసిపోయింది.

ఆరు వారాలకు కాగితం వచ్చింది. 486. వారం తరువాత మళ్ళీ చూస్తే 510. డాక్టరు రెండు కాగితాలూ వాడి చేతిలో పెట్టి, “శుభలేఖ నాకూ పంపించు” అన్నాడు.

వైశాఖంలో పెళ్ళి జరిగింది. పొట్ట కొంచెం కనిపించింది. పెళ్ళికూతురికి అభ్యంతరం ఉన్నట్లు లేదు.

ఆ తరువాత కాలువకు నీళ్ళు వదిలిన రోజున కొత్త దంపతులు మా ఇంటికి భోజనానికి వచ్చారు. సాయంత్రం అందరం లాకుల దాకా నడిచాం. ఎండి పగుళ్ళు తీసిన కాలువలోకి ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతూ దిగుతున్నాయి. మావాడు గట్టు మీద నిలబడి చాలాసేపు అటే చూశాడు. తరువాత నా వైపు తిరిగి, “ఆ సూదుల డబ్బు కట్టేసి ఉంటే ఏమయ్యేది మామయ్యా?” అన్నాడు.

“ఏమయ్యేదో ఆలోచించడం ఎందుకురా? చీకటి పడుతోంది, పద. మీ అత్తయ్య వడ్డించి ఉంటుంది” అన్నాను.